నెలకొక చుక్క

మా ఇంట్లో బీరువా మీద, పాత దుప్పట్ల పక్కన, చదునైన గాజు పలక ఒకటి ఉంది. దానిని కిందికి దించి, నేల మీద పెట్టి, దానిపై నిలబడితే రెండు క్షణాల్లో ఎర్రని అంకెలు వెలుగుతాయి. అది బరువు చూసే యంత్రం. కొన్నేళ్ళ కిందట మోకాళ్ళ నొప్పితో వైద్యుని దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన, "కొంచెం బరువు తగ్గాలమ్మా. అప్పుడప్పుడు చూసుకుంటూ ఉండండి" అన్నారు. వస్తూ వస్తూ దారిలోనే ఆ యంత్రాన్ని కొన్నాను. ఆ రోజుల్లో దాని స్థానం బీరువా మీద కాదు, స్నానాల గది గుమ్మం పక్కన. "అప్పుడప్పుడు" అంటే ఎన్నాళ్ళకొకసారి అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ చిన్న మాటకు అర్థం తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఆ అర్థం చివరకు మా అమ్మ దగ్గర దొరికింది.

మాది అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు ఒక మెట్ట గ్రామం. నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడిపోతాయి. రెండు వానలకూ దూరమైన ఆ పీఠభూమిలో ఏడాది పొడుగునా కురిసేది సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ కొద్దిపాటి తడిని నమ్ముకొని మా వాళ్ళు ఎర్ర నేలల్లో వేరుశనగ వేస్తారు. అందువల్ల మా ఊళ్ళో తూకం అనగానే ముందుగా గుర్తొచ్చేది శెనక్కాయల తూకమే. కార్తీక మాసంలో వ్యాపారి వచ్చి కళ్ళంలో కాటా నిలబెట్టేవాడు. మా నాయన కళ్ళు సంచి మీద ఉండేవి కావు, తక్కెడ ముల్లు మీద ఉండేవి. ఆ ముల్లు ఎటు మొగ్గితే ఆ ఏడాది మా ఇల్లు అటు మొగ్గేది. తూకాలన్నీ ముగిశాక నాయన నన్ను ఎత్తి ఆ కాటాలో కూర్చోబెట్టి, "అర బస్తా కూడా లేదే ఈ పిల్ల!" అని నవ్వేవాడు. పంట బాగా వచ్చిన ఏడాదే ఆ నవ్వు వినిపించేది.

మా ఊరికి రెండో తూకాన్ని తెచ్చినది అమ్మ. సమగ్ర శిశు అభివృద్ధి పథకం మన దేశంలో 1975 అక్టోబరు 2న ఆరంభమైంది. 1984లో అమ్మ మా ఊరి అంగన్‌వాడీ కార్యకర్తగా చేరింది. బడి పక్కనున్న ఒంటి గది ఆమె కేంద్రం. పైకప్పు దూలానికి గడియారం వంటి ముఖం గల ఒక తూనికను వేలాడదీసేది. దాని కొక్కేనికి గుడ్డతో కుట్టిన చిన్న ఉయ్యాల. నెలకొకసారి తల్లులు పసిబిడ్డలను తెచ్చి ఆ ఉయ్యాలలో ఉంచేవారు. బిడ్డ ఏడుస్తూ కాళ్ళు తన్నుకుంటే ముల్లు కూడా ఊగేది. ఏడుపు తగ్గి, ముల్లు నిలిచేవరకు అమ్మ ఓపికగా ఎదురు చూసేది.

తూచిన తరువాత ఆమె చేసే పని నాకు మరింత ఆశ్చర్యం కలిగించేది. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క పత్రం. దానికి అడుగున నెలలు, పక్కన కిలోలు. ఆ నెల నిలువు గీత మీద, ఆ బరువుకు ఎదురుగా ఒక చుక్క పెట్టి, దానిని కిందటి నెల చుక్కతో కలిపి గీత గీసేది. డేవిడ్ మోర్లే అనే ఆంగ్ల వైద్యుడు నైజీరియా పల్లెలలో పసివాళ్ళకు వైద్యం చేస్తూ ఇటువంటి పత్రాన్ని రూపొందించాడని, దానికి ఆరోగ్య మార్గం అని అర్థం వచ్చే పేరు పెట్టాడని చాలాకాలం తరువాత చదివాను. ఎక్కడి నైజీరియా, ఎక్కడి కళ్యాణదుర్గం! ఆకలి ఒకటే కనుక దానిని పసిగట్టే ఉపాయమూ ఒకటే అయింది.

"ఒక చుక్కతో ఏమీ తెల్దు. రెండు చుక్కలు కలిస్తేనే దోవ తెలుస్తాది" అనేది అమ్మ. సన్నగా ఉన్న బిడ్డ గీత నెలనెలా పైకి పోతుంటే ఆమెకు దిగులుండేది కాదు. బొద్దుగా ఉన్న బిడ్డ గీత రెండు నెలలు అడ్డంగా సాగితే మాత్రం ఆ సాయంత్రమే వాళ్ళ గుమ్మంలో ఉండేది. విరేచనాలు అయ్యాయా, తల్లికి పాలు తగ్గాయా, ఇంట్లో గింజలు ఉన్నాయా అని ఆరా తీసేది. ఆమె లెక్కలో ప్రతి చుక్క వెనుకా ఒక పని ఉండేది.

అయితే ఊరంతా ఆ తూకాన్ని ఆదరించిందనుకోవడం పొరపాటు. "బిడ్డను తూచొద్దు టీచరమ్మా, దిష్టి తగుల్తాది" అని ముసలివాళ్ళు అడ్డుపడేవారు. పెరిగే దానిని లెక్కపెట్టకూడదని వాళ్ళ నమ్మకం. కళ్ళంలో రాశిని కొలిచేటప్పుడు కూడా మొదటి కొలతను "ఒకటి" అనకుండా "లాభం" అనే జనం వాళ్ళు. ఒక ఇంట్లో ఇద్దరు మగబిడ్డలు పోయాక పుట్టిన ఆడబిడ్డ ఉండేది. ఆ బిడ్డ నానమ్మ మొదటి అయిదు నెలలు తూచనిచ్చి, ఆ తరువాత వద్దంది. అమ్మ రెండు మూడు సార్లు వెళ్ళి అడిగి, బలవంతపెట్టలేక ఊరుకుంది. పత్రంలో నాలుగు నెలలు చుక్కలు లేవు. ఆ వేసవిలో తట్టు వచ్చింది. ఊళ్ళోని మిగిలిన బిడ్డలు లేచి తిరిగారు. ఆ బిడ్డ లేవలేదు. అప్పటికే ఎంత చిక్కిపోయిందో, గుడ్డలో చుట్టి ఉంచిన బిడ్డను చూసి ఎవరూ గుర్తించలేకపోయారు.

అమ్మ ఆ నానమ్మను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఆ పత్రాన్ని మాత్రం తన పెట్టెలో దాచుకుంది. ఆ తరువాత ఆమె పద్ధతి మారింది. తూనికకు ఎదురుగా ఒక పళ్ళెంలో ఉప్పు, ఎండుమిరపకాయలు పెట్టి, కావలసినవారిని ముందే దిష్టి తీయమనేది. ముల్లు నిలిచాక అంకెను పైకి చదవడం మానేసింది. మౌనంగా చుక్క పెట్టి, "గీత పైకి పోతాంది" అనో, "ఈ నెల కొంచెం చూసుకోవల్ల" అనో అనేది, అంతే. అంకె వినబడకపోవడంతో ముసలివాళ్ళు మెత్తబడ్డారు. తరువాతి సంవత్సరాలలో పత్రాలలో ఖాళీలు తగ్గాయి.

నా బరువు నేను మొదటిసారి తెలుసుకున్నది గుంతకల్లు జంక్షనులో. ఏడో తరగతి సెలవుల్లో నాయన నన్ను తిరుపతికి తీసుకుపోతూ అక్కడ రైలు మార్పించాడు. ప్లాట్‌ఫారం మీద రంగురంగుల దీపాలతో, తిరిగే చక్రంతో ఒక పెద్ద యంత్రం ఉండేది. నాణెం వేస్తే దడదడమని చప్పుడు చేసి చిన్న అట్టముక్కను బయటికి నెట్టేది. ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. నాకు ఇరవై తొమ్మిది కిలోలు, త్వరలో ధనలాభం! నేను గంతులు వేస్తూ, "నువ్వూ ఎక్కు నాయనా" అన్నాను. ఆయన తన చొక్కాను ఒకసారి సవరించుకొని, "నాకెందుకులే అమ్మీ, దుడ్డు దండగ" అన్నాడు. ఆ ఏడాది వాన రాక వేరుశనగ ఊడలు దిగకముందే ఎండిపోయింది. చొక్కా ఆయన భుజాల మీద కొయ్యకు తగిలించినట్లు వేలాడుతూ ఉండేది. నాణెం మిగుల్చుకోవడానికే వద్దన్నాడని అప్పుడు అనుకున్నాను. ఆ అంకె తనకు కనబడకూడదని, ముఖ్యంగా నాకు కనబడకూడదని ఆయన అనుకున్నాడని ఇప్పుడు అనిపిస్తుంది.

మా సీమలో బరువు తగ్గడం అంటే భయం. ఆ భయానికి చరిత్ర ఉంది. 1876-78 నాటి ధాత కరువులో ఈ ప్రాంతం తీవ్రంగా దెబ్బతిన్నది. అనంతపురం అప్పటికి బళ్ళారి జిల్లాలో భాగం, 1882లో వేరు జిల్లా అయింది. 1877 ఆరంభంలో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనులలో రోజంతా శ్రమించే మగమనిషికి సుమారు 450 గ్రాముల గింజలు, ఒక అణా చాలునని నిర్ణయించాడు. మద్రాసు రాష్ట్ర ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ అది చాలదని, దాదాపు 680 గ్రాముల గింజలు, వాటితోపాటు కూరగాయలు, పప్పు ఉండాలని గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కొలత కొంత పెరిగింది. మనిషికి ఇంత చాలునని గింజలు తూచి ఇచ్చిన నేల ఇది. అందుకే మా పల్లెలలో చాలాకాలానికి ఇంటికి వచ్చిన చుట్టాన్ని చూసి, "ఒళ్ళు చేసినావే!" అంటే అది మెచ్చుకోలు. "చిక్కిపోయినావు" అంటే ఆ వెంటనే పొయ్యి మీద సంగటి కుండ ఎక్కేది.

నేను చదువుకొని, అధ్యాపకురాలినై, అనంతపురం పట్టణంలో స్థిరపడేసరికి ఆ రెండు మాటలూ తారుమారయ్యాయి. "ఒళ్ళు చేశావు" అనేది ఎత్తిపొడుపు అయింది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సుమారు 19 శాతం మంది ఉండవలసినదానికన్నా సన్నగా ఉన్నారు, 24 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. ఒకే ఇంట్లో, ఒకే జీవితకాలంలో రెండు భయాలూ కలిసి కాపురం చేస్తున్నాయి. మా ఇల్లే అందుకు సాక్ష్యం.

యంత్రం కొన్న మొదటి నెలలో వారానికొకసారి ఎక్కేదాన్ని. తరువాత ప్రతి ఉదయం. ఆ తరువాత ఉదయం, రాత్రి. అంకె తగ్గిన రోజు కళాశాలలో పాఠం హాయిగా సాగేది. అర కిలో పెరిగిన రోజు "అయ్యో, మళ్ళీ పెరిగాను!" అని గట్టిగా అనుకొని, ఉగ్గాని ముందు కూర్చొని కూడా ముద్ద దిగక లేచిపోయేదాన్ని. అర కిలోకు అర్థమేమిటి? ఒక లీటరు నీరు తాగితే ఒక కిలో పెరుగుతాం. ఊరగాయ ఎక్కువ తిన్న మరునాడు ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. చెమట పట్టిన రోజు తగ్గుతాం. ఆరోగ్యవంతుడి బరువు కూడా ఒక్క రోజులోనే ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ కావచ్చు. ఇటలీలోని పాదువా నగరంలో సాంటోరియో అనే వైద్యుడు తూనికకు వేలాడదీసిన కుర్చీలో కూర్చొని, తాను తిన్నదీ విసర్జించినదీ సుమారు ముప్పై సంవత్సరాల పాటు తూచి చూశాడు. కంటికి కనబడకుండానే శరీరం నుంచి ఎంతో బరువు ఆవిరైపోతుందని గ్రహించి 1614లో గ్రంథం ప్రకటించాడు. ఆయన తన దేహాన్ని తెలుసుకోవాలని తూచుకున్నాడు. నేను నన్ను శిక్షించుకోవడానికి తూచుకున్నాను.

ఆ శిక్ష నా ఒక్కదానితో ఆగలేదు. మా అమ్మాయి అప్పుడు ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరం. ఒక ఉదయం ప్రార్థన సమయంలో సొమ్మసిల్లి పడిపోయిందని వాళ్ళ కళాశాల నుంచి ఫోను వచ్చింది. నేను పరుగెత్తుకుని వెళ్ళేసరికి బల్ల మీద పడుకొని ఉంది. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేసి, హిమోగ్లోబిన్ తొమ్మిది ఉందన్నారు. అదే జాతీయ సర్వేలో 15 నుంచి 19 ఏళ్ళ బాలికలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఆ సంఖ్యను నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. అది మా ఇంట్లో కూర్చొని ఉన్నదని మాత్రం ఎరుగను.

ఆ సాయంత్రం ఆమె గదిలో దుస్తులు సర్దుతూ గోడ మీది క్యాలెండరును తిప్పాను. వెనుక పెన్సిలుతో రాసిన అంకెలు. రెండు నెలలవి, రోజుకు రెండేసి. 47.2, 46.9, 47.4. కొన్నింటి పక్కన చిన్న ఇంటూ గుర్తు. ఆ గుర్తు పెట్టిన రోజుల్లో మధ్యాహ్నం డబ్బా తెరవలేదని తరువాత తెలిసింది. "ఎందుకు చేశావు?" అని అడిగాను. "నువ్వూ చూసుకుంటావు కదమ్మా" అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

మనుమరాలి సంగతి విని అమ్మ ఊరి నుంచి వచ్చింది. ఆమె పదవీ విరమణ చేసి అప్పటికి కొన్నేళ్ళయింది. క్యాలెండరు కాగితాన్ని వెలుతురులోకి తీసుకుపోయి, ఒకనాడు బిడ్డల పత్రాలను చూసినట్లే, అంకె అంకె వేలితో తాకుతూ చాలాసేపు చూసింది. ఆ తరువాత తలెత్తి, "ఇన్ని అంకెలున్నాయి గదా అమ్మీ, వీటిని చూసి ఎవరేం చేసినారు?" అని అడిగింది.

ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. ఆమె పత్రంలో నెలకొక చుక్క. ఆ చుక్క వెనుక గుమ్మం దాకా నడిచి వెళ్ళే ఒక మనిషి. నా బిడ్డ కాగితంలో నెలకు అరవై అంకెలు. వాటి వెనుక ఎవరూ లేరు.

"మరి మానేద్దామా?" అన్నాను. యంత్రాన్ని ఎవరికైనా ఇచ్చివేయాలన్నంత కోపం వచ్చింది నాకు. అమ్మ వెంటనే మాట్లాడలేదు. కాసేపటికి, "తూచకుండా ఇడిసిపెడితే ఏమైతాదో నేను చూసినా" అంది. ఆమె పెట్టెలోని పత్రం, నాలుగు నెలల ఖాళీ, నాకు గుర్తుకు వచ్చాయి.

ఆమె సలహా మీద మేము మళ్ళీ వైద్యుని దగ్గరికి వెళ్ళాము. ఈసారి "అప్పుడప్పుడు" అంటే ఏమిటో విడమరచి అడిగాను. ఆయన ఓపికగా చెప్పారు. గుండె బలహీనమై ఒంట్లో నీరు చేరే రోగులు వైద్యుని సలహా మేరకు రోజూ చూసుకోవలసి రావచ్చు. హఠాత్తుగా బరువు పెరగడం వారికి ప్రమాద సూచన. గర్భిణులకు ప్రతి పరీక్షలోనూ చూస్తారు. క్షయరోగులకు మందుల మోతాదే బరువును బట్టి ఉంటుంది కనుక చికిత్స సాగినంత కాలం చూస్తారు. నా వంటి వారికి వారానికొకసారి, ఒకే రోజు, ఒకే వేళ, పరగడుపున చూసుకుంటే చాలు. పదహారేళ్ళ అమ్మాయి ఇంకా ఎదుగుతున్న మనిషి. ఆమె రోజూ బరువు చూసుకోవలసిన పని లేదు. వేళకు తినడం, రక్తం పెంచే మాత్రలు వాడడం, నిద్రపోవడం ముఖ్యం. కొంతకాలం నెలకొకసారి ఎవరైనా పెద్దవాళ్ళు చూస్తే సరిపోతుంది. భోజనం మీద భయం పోకపోతే దాచకుండా తన దగ్గరికి తీసుకురమ్మని కూడా చెప్పారు.

"ఎవరైనా పెద్దవాళ్ళు" అనే పదవిని అమ్మ స్వీకరించింది. యంత్రం బీరువా మీదికి వెళ్ళింది. నా కోసం ఆదివారాలు, అమ్మాయి కోసం నెలలో మొదటి ఆదివారం మాత్రం కిందికి దిగుతుంది. అమ్మాయి అంకెలకు వీపు పెట్టి నిలబడుతుంది. అమ్మ కళ్ళద్దాలు సవరించుకొని, వంగి చూసి, ఏమీ అనకుండా గళ్ళ కాగితం మీద చుక్క పెడుతుంది. దిష్టి తగలకూడదని ఒకనాడు అంకెను పైకి చదవని ఆ అలవాటు ఇన్నేళ్ళకు మళ్ళీ పనికి వచ్చింది.

మొదటి రెండు నెలలు గీత కదలలేదు. ఆ రెండు నెలలూ అమ్మ ఊరికి తిరిగి వెళ్ళలేదు. ఉదయాన్నే మనుమరాలి పక్కన కూర్చొని తానూ తినేది. రాగి సంగటి, శెనక్కాయల చట్నీ, ఆకుకూర పప్పు. బరువు మాట ఎత్తేది కాదు. ఊరి సంగతులు, నాయన నవ్వులు, కాటాలో కూర్చున్న నా చిన్నతనం చెబుతూ ఉండేది. వింటూ వింటూ అమ్మాయి తనకు తెలియకుండానే రెండో ముద్ద కలుపుకునేది. అన్ని రోజులూ అలా గడవలేదు. పళ్ళెం తోసేసి లేచిపోయిన రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో అమ్మ పళ్ళెం మీద మూత పెట్టి అక్కడే కూర్చునేది.

అయిదో నెల మొదటి ఆదివారం చుక్క పెట్టాక, అమ్మాయి వెనక్కి తిరగకుండానే, "అవ్వా, గీత ఎటు పోతోంది?" అని అడిగింది.

"పైకే అమ్మీ."

అమ్మాయి ఒక్క క్షణం ఊరుకుంది. భయపడుతుందేమోనని నేను ఊపిరి బిగపట్టి చూశాను. ఆమె యంత్రం మీద నుంచి దిగి, "అయితే ఆకలవుతోంది" అంటూ వంటింట్లోకి వెళ్ళింది.

ఆ తరువాత నేను ఎక్కాను. నా బరువు కిందటి వారం ఎంతో ఈ వారమూ అంతే. నా ముఖం చూసి అమ్మ నవ్వి, "నీ గీత అడ్డంగానే ఉందిలే. నీది పెరిగే వయసు కాదు గదా. మోకాళ్ళ నొప్పి ఎట్లుంది, అది చెప్పు" అంది. ఆ వారమంతా మేడ మెట్లు నొప్పి లేకుండా ఎక్కి దిగానని అప్పుడు గుర్తించాను.